చలికాలంలో మూడు రోజులు: ప్రాగ్‌కా, వియన్నాకా?

చెక్ రాజధాని ప్రాగ్‌కైనా, ఆస్ట్రియా రాజధాని వియన్నాకైనా యూరప్ దేశాలు చాలావాటికి చెల్లే షెంగెన్ వీసా ఒకటే. చలి కూడా దాదాపు అంతే. డిసెంబరులో రెండుచోట్లా సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది.

ఖర్చు: ప్రాగ్‌లో గది, భోజనం చవక. అయితే అక్కడ చెల్లేది యూరో కాదు, కొరునా. పాత నగరంలో డబ్బు మార్చే దుకాణాల జోలికి పోకుండా కార్డు వాడటం మేలు. వియన్నాలో యూరోలు, ధరలూ ఎక్కువే. అక్కడి సంగీత నాటకశాల స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే టికెట్లు మాత్రం చవక.

శ్రమ: ప్రాగ్ అందమంతా ఆరుబయటే. 1357లో పునాది పడిన చార్లెస్ వంతెన, దాని మీద నల్లబడిన విగ్రహాలు, వాటి భుజాల మీద పలుచగా మంచు, కింద వ్ల్తావా నది. తెల్లవారుజామున చూడటానికి రెండు కళ్లు చాలవు. కాని తడిసిన రాళ్ల బాటల మీద, అడుగు నున్నబడిన బూట్లతో నడిస్తే నడుము సంగతి దేవుడికే ఎరుక. వియన్నాలో ట్రాము దిగి మ్యూజియంలో దూరిపోవచ్చు. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో చిత్రకారుడు బ్రూగెల్ 1565లో గీసిన ‘మంచులో వేటగాళ్లు’ ముందు వెచ్చగా నిలబడటమూ చలికాలాన్ని చూడటమే కదా!

పెద్దవాళ్లో పసిపిల్లలో వెంట ఉంటే వియన్నా. కాళ్లలో సత్తువ ఎక్కువ, జేబులో డబ్బు తక్కువ అయితే ప్రాగ్. ఐదు రోజులు దొరికితే తగవే లేదు, మధ్యలో రైలు ప్రయాణం నాలుగు గంటలే.