జాగ్రత్త: డెలివరీ తర్వాత పోస్టు గ్యారంటీ అంటూ ఏజెన్సీ డబ్బులడిగితే కట్టకండి

ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగాలు చేస్తున్న ఆడవాళ్లు, ముఖ్యంగా గర్భంతో ఉన్నవాళ్లు, ఎవరికైనా డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. నేను పనిచేసిన మ్యాన్‌పవర్ ఏజెన్సీ నాకు రెండు ‘సర్వీసులు’ అమ్మబోయింది. ఒకటి పోస్ట్ హోల్డింగ్ చార్జీ. పదివేలు కడితే డెలివరీ అయ్యాక మళ్లీ అదే సీట్లో కూర్చోబెడతారట. రెండోది ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) క్లెయిమ్ సర్వీసు. మెటర్నిటీ డబ్బులు వాళ్లే ఇప్పిస్తారు, వచ్చినదాంట్లో 20 శాతం వాళ్లకివ్వాలి. మొదటిది అమ్మే హక్కు వాళ్లకు లేదు. రెండోది పైసా ఖర్చు లేకుండా మనమే చేసుకోగలిగిన పని.

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో చేసేదాన్ని. మెడలో ఆసుపత్రి ట్యాగ్, జీతం మాత్రం ఏజెన్సీ ఖాతా నుంచి. చేరేటప్పుడే 12,000 తీసుకున్నారు. నోటితో ‘రిఫండబుల్ డిపాజిట్’ అన్నారు, రసీదు మీద ‘ట్రైనింగ్ ఫీజు’ అని రాశారు. పదకొండు నెలల అగ్రిమెంటు, తర్వాత నాలుగైదు రోజుల గ్యాప్, మళ్లీ కొత్త అగ్రిమెంటు. మా కౌంటర్‌లో అందరిదీ ఇదే పద్ధతి కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఐదో నెలలో సూపర్‌వైజర్‌కి విషయం చెప్పాను. రెండు రోజులకే ఏజెన్సీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడి మేనేజర్ చాలా మర్యాదగానే మాట్లాడాడు. ‘‘అమ్మా, నువ్వు టెంపరరీ. పర్మనెంట్ వాళ్లకే మెటర్నిటీ లీవు. నీ అగ్రిమెంటు అక్టోబర్‌తో అయిపోతోంది, రెన్యువల్ ఉండదు. ఈ కాగితం మీద సంతకం పెడితే డిపాజిట్ వెనక్కిస్తాం. కావాలంటే పోస్ట్ హోల్డ్ చేయిస్తా, దానికి చార్జీ ఉంటుంది’’ అన్నాడు. ఆ కాగితం ఏమిటంటే, కుటుంబ కారణాల వల్ల స్వచ్ఛందంగా మానేస్తున్నానని నా పేరుతో టైపు చేసిన రాజీనామా. తేదీ ఖాళీగా వదిలేశారు. ఇంట్లో చూపించి వస్తానని తెచ్చుకుని, మళ్లీ ఇవ్వలేదు. నా తర్వాత ఇద్దరమ్మాయిలు సంతకం పెట్టారని విన్నాను. వాళ్లలో ఒకరు పదివేలు కట్టింది కూడా. డెలివరీ అయ్యాక ఫోన్ చేస్తే ‘వేకెన్సీ లేదు, చూస్తాం’ అన్నారట.

ఆ మేనేజర్ చెప్పిన ‘పర్మనెంట్ వాళ్లకే’ అన్న మాట శుద్ధ అబద్ధం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో పర్మనెంటా, టెంపరరీయా అన్న లెక్కే లేదు. డెలివరీ అంచనా తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పదిమంది, అంతకుమించి పనిచేసే షాపులు, సంస్థలన్నీ దీని కిందికి వస్తాయి. 2017 ఏప్రిల్ నుంచి మొదటి ఇద్దరు పిల్లల వరకు జీతంతో 26 వారాల సెలవు, అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని తీసుకుంది కానీ ఆ 80 రోజులు, 26 వారాలు అలాగే ఉన్నాయి. ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో మళ్లీ పెట్టుకునే ప్రైవేటు స్కూలు టీచర్లూ, రోజులు లెక్కపెట్టుకుని చూడండి. 80 ఎప్పుడో దాటేసి ఉంటారు.

రోజుకూలీల విషయం కూడా ఎప్పుడో తేలిపోయింది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో రోడ్డు పనులు చేసే మస్టర్ రోల్ మహిళలకు ప్రసూతి సెలవు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పిచ్చింది. సరిగ్గా మహిళా దినోత్సవం రోజు. ఏసీ గదిలో కూర్చున్న హెచ్‌ఆర్‌కి పాతికేళ్లయినా ఆ కబురు అందలేదనుకోవాలా, అందినా అందనట్టు ఉన్నాడనుకోవాలా?

ఇక ‘అగ్రిమెంటు అయిపోతోంది కదా’ అనే వాదన. దీనికీ సుప్రీంకోర్టే జవాబు చెప్పింది. డాక్టర్ కవితా యాదవ్ ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద సీనియర్ రెసిడెంట్. 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. కాంట్రాక్టు జూన్ 11 వరకే ఉంది కాబట్టి అంతవరకే ఇస్తామన్నారు. కేసు 2023 ఆగస్టు 17న తేలింది. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం మొత్తం కాలానికీ ఇవ్వాలన్నది కోర్టు. గర్భంతో ఉన్నప్పుడు ఉద్యోగంలోంచి తీసేసినా ఆ డబ్బు రావాల్సిందేనని చట్టంలోనే ఉంది. తీసేస్తే 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. అగ్రిమెంటులో ‘గర్భం వస్తే మానేస్తాను’ అని ముందే రాయించుకున్నా, చట్టానికి విరుద్ధమైన షరతు చెల్లదు.

అందుకే వాళ్లకు ఆ రాజీనామా కాగితం మీద అంత ఆత్రం. తీసేస్తే వాళ్లు జవాబు చెప్పుకోవాలి. మనంతట మనమే మానేశామని సంతకం ఉంటే గొడవే లేదు. పదివేలు, డిపాజిట్ అన్నీ ఆ సంతకం కోసం వేసే ఎరలు.

ఇప్పుడు ఈఎస్ఐ సంగతి. నెల జీతం 21,000 లోపు ఉండి, ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లకు మెటర్నిటీ డబ్బు కంపెనీ కాదు, ఈఎస్ఐ కార్పొరేషన్ ఇస్తుంది. జీతంలోంచి 0.75 శాతం మనది, 3.25 శాతం యజమానిది. నా 16,500 జీతానికి పే స్లిప్‌లో నెలనెలా 124 రూపాయలు కట్ అయ్యేది. దానికి 26 వారాల పాటు సగటు రోజు వేతనం పూర్తిగా వస్తుంది. నా లెక్కలో అది సుమారు లక్ష. ఏజెన్సీ అడిగిన 20 శాతం అంటే ఇరవై వేలు, పోర్టల్‌లో ఒక క్లెయిమ్ నింపినందుకు! దానికి కావాల్సిన గర్భ ధ్రువీకరణ, డెలివరీ సర్టిఫికెట్లు ఈఎస్ఐ డిస్పెన్సరీ లేదా ఆసుపత్రి డాక్టర్లే ఇస్తారు. బ్యాంకు ఖాతా, ఆధార్ సరిగ్గా లింకై ఉండాలి. అంతే.

చాలామందికి తెలియని అసలు కిటుకు ఈఎస్ఐ రోజుల లెక్కలో ఉంది. కాంట్రిబ్యూషన్ కాలాలు, అంటే ఈఎస్ఐకి చందా లెక్కించే కాలాలు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. డెలివరీ ఏ కాలంలో పడుతుందో దాన్నిబట్టి వెనకటి రెండు కాంట్రిబ్యూషన్ కాలాలు చూస్తారు. ఆ రెండింట్లో కలిపి చందా లెక్కకొచ్చే రోజులు 70 ఉంటే అర్హత వచ్చినట్టే. నాకు డెలివరీ ఫిబ్రవరిలో. జనవరి నుంచి జూన్ మధ్య డెలివరీ అయితే అంతకుముందు సెప్టెంబర్‌తో ముగిసిన ఏడాదిని చూస్తారు. అంటే అక్టోబర్ చివర్లో నన్ను తీసేసినా నా అర్హత అప్పటికే ఖాయమైపోయింది. ‘రెన్యువల్ లేకపోతే ఈఎస్ఐ కూడా పోతుంది’ అని ఏజెన్సీవాళ్లు పెట్టిన టెన్షన్ అంతా ఉత్తదే.

కానీ ఒక చోట మాత్రం గట్టి దెబ్బే తగిలింది. ఈఎస్ఐ పోర్టల్‌లో నా నంబరుతో లాగిన్ అయితే మూడు నెలల కాంట్రిబ్యూషన్ కనిపించలేదు. పే స్లిప్‌లో 124 కట్ అయింది, ఈఎస్ఐకి చేరలేదు. పైగా రెండో అగ్రిమెంటు అప్పుడు పాత నంబరు వాడకుండా వాళ్ల ఇంకో సంస్థ పేరుతో నాకు కొత్త ఈఎస్ఐ నంబరు సృష్టించారు. ఒకరికి జీవితాంతం ఒకటే నంబరు ఉండాలి. రెండు నంబర్ల మధ్య రోజులు చీలిపోతే 70 నిండలేదని చూపించడం ఎంత తేలికో ఆలోచించండి. కొత్త ఏజెన్సీలో చేరేటప్పుడు పాత నంబరు రాసిచ్చి, దాన్నే కొనసాగించమని అడగండి. మొదటి నెల జీతం పడగానే పోర్టల్ తెరిచి చూసుకోండి. గర్భం వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో రెండు నంబర్లూ కలపమని, కట్టని నెలల గురించి విచారించమని పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటుతో అర్జీ ఇచ్చాను. యజమాని కట్టకపోవడం వల్ల మనకు ప్రయోజనం పోయే పరిస్థితి వస్తే, కట్టాల్సి ఉండిందని నిర్ధారించుకుని కార్పొరేషన్ మనకు చెల్లించి, యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు ఈఎస్ఐ నిబంధనల్లో ఉంది. ఏజెన్సీ కట్టకపోతే పని చేయించుకునే అసలు సంస్థదే బాధ్యత అని కూడా ఉంది. అందుకే ఆ అర్జీ కాపీని ఆసుపత్రి హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ చేశాను. నిజం చెప్పాలంటే కదలిక వచ్చింది అక్కడే. ఏజెన్సీలకు చట్టం కన్నా నెలనెలా తమ బిల్లు పాస్ చేసే క్లయింటు అంటేనే భయం. పాత బకాయిలు వారంలోనే పోర్టల్‌లో కనిపించాయి.

క్లెయిమ్ డబ్బు డెలివరీకి ముందు కొంత, తర్వాత కొంత నా ఖాతాలో పడింది. ఎవరికీ కమిషన్ ఇవ్వలేదు. సీటు మాత్రం పోయింది. రెన్యువల్ ఆపింది గర్భం వల్లేనని కార్మిక శాఖ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను, అది నడుస్తోంది. ఏజెన్సీవాళ్లు అక్కడ చెప్పింది ‘ఆమే మానేసింది’ అని. సంతకం లేని ఆ రాజీనామా కాగితం నా దగ్గరే ఉంది కాబట్టి ఆ మాట నిలబడలేదు.

జీతం 21,000 దాటినవాళ్లకు ఈఎస్ఐ ఉండదు, 26 వారాల జీతం యజమానే ఇవ్వాలి. డెలివరీకి ముందు కాలానికి గర్భ ధ్రువీకరణ ఇవ్వగానే ముందుగానే, మిగతాది ప్రసవం రుజువు ఇచ్చిన 48 గంటల్లో చెల్లించాలన్నది 1961 చట్టం పెట్టిన నియమం. సంస్థ ఉచితంగా ప్రసూతి వైద్యం చూపించకపోతే 3,500 మెడికల్ బోనస్ కూడా ఉంది. ఇక్కడ ఏజెన్సీలు ఇంకా గట్టిగా ఎగ్గొడతాయి, ఎందుకంటే డబ్బు వాళ్ల జేబులోంచి పోవాలి. సెలవు నోటీసు నోటిమాటగా ఇవ్వకండి, ఈమెయిల్‌లో ఏజెన్సీకి, పనిచేసే సంస్థకు రెండింటికీ పంపండి. వాట్సాప్‌లో చెప్పి ఉంటే ఆ చాట్ డిలీట్ చేయకండి.

నా 12,000 డిపాజిట్ ఇంకా వెనక్కి రాలేదు. రసీదు మీద ‘ట్రైనింగ్ ఫీజు’ అని ఉందనే సాకు చెబుతున్నారు. మీరు చేరేటప్పుడు ఇలాంటి రసీదు చేతికిస్తే, డబ్బు దేనికి తీసుకుంటున్నారో, ఎప్పుడు వెనక్కిస్తారో రాసి సంతకం పెట్టమని అక్కడే అడగండి. వాళ్లు రాసివ్వం అంటే ఆ ఉద్యోగం వద్దని వచ్చేయండి.