కాల్లో రాడ్డు వేయించుకున్న ఆరేళ్లకు

తీర్పు ముందే చెప్పేస్తాను. రాడ్డు తన పని తాను చేసింది. ఎముక వంకర లేకుండా అతుక్కుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను సతాయిస్తున్నది విరిగిన చోటు కాదు, దానికి జానెడు పైనున్న మోకాలు. ఆపరేషన్‌కి ముందు ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర టిక్కీల (మిర్చి బస్తాల) లారీ పక్కనుంచి వస్తుంటే బండి జారింది. కుడికాలు మోకాలికీ మడమకీ మధ్యలో విరిగింది. పెద్ద ఎముకతో పాటు పక్కనుండే సన్నెముక కూడా. కొత్తపేటలో ఓ ఆసుపత్రిలో చేర్చారు. మా పెద్దమ్మ పుత్తూరు కట్టు కట్టిద్దామని పట్టుబట్టింది. "కొయ్యకుండా పోయేదానికి కోయించుకోవడం ఎందుకురా" అని ఆమె వాదన. ఎముక చీలి, ముక్కలు కదలకుండా ఉంటే పిండికట్టుతోనే సరిపోతుంది, కాదనను. నాకు రెండు ముక్కలూ పక్కకి జరిగి ఒకదానిమీదికొకటి ఎక్కాయి. పైగా వాచిపోతున్న కాలికి బిగించి కట్టు కడితే రక్తం ఆడక కాలికే ముప్పు. డాక్టరు ఆ మాట చెప్పాక పెద్దమ్మ ఊరుకుంది గానీ, నమ్మిందని మాత్రం అనుకోను.

విరిగిన చోట కోస్తారనుకున్నాం. కోయలేదు. మోకాలి చిప్ప కింద కోసి, ఎముక పైకొసన దారి చేసి, లోపల మూలుగ ఉండే గొట్టాన్ని కాస్త తొలిచి, సి-ఆర్మ్ ఎక్స్‌రే తెరమీద చూసుకుంటూ రాడ్డును చీలమండ దగ్గరిదాకా దించారు. పైన రెండు, కింద రెండు అడ్డంగా స్క్రూలు. సన్నెముకని ముట్టుకోలేదు, అది దానంతటదే అతుక్కుంది. వెన్నులో మత్తిచ్చారు కాబట్టి నొప్పి తెలీదు, చెవులు మాత్రం పనిచేస్తుంటాయి. మన ఎముకలోకే సుత్తితో కొడుతున్న చప్పుడు మనమే వినాలి. అది వద్దనుకునేవాళ్లు నిద్ర పట్టేలా కూడా మందివ్వమని మత్తు డాక్టరుని ముందే అడగండి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. జర్మనీ సర్జన్ గెర్హార్డ్ కుంట్షర్ 1939లో తొడ ఎముకకి ఇలాంటి కడ్డీ వేశాడు. ఆ కాలం కడ్డీలకి అడ్డ స్క్రూలుండేవి కావు, అందుకని ముక్కలు మెలితిరిగే భయం, కాలు పొట్టయ్యే భయం ఉండేవి. స్క్రూలతో బిగించే రకం 1970ల్లో వాడుకలోకి వచ్చింది. నా పాదం పక్కకి తిరక్కుండా, రెండు కాళ్లూ సమానంగా ఉన్నాయంటే ఆ స్క్రూల పుణ్యమే.

టైటానియమా, స్టీలా అని అడిగారు. టైటానియం ఖరీదెక్కువ, బిరుసు స్టీలులో సుమారు సగం. అంటే బరువంతా తనే మొయ్యకుండా ఎముక మీద కూడా కొంత పడనిస్తుంది. నేను టైటానియమే వేయించుకున్నాను. అయితే స్టీలు రాడ్డు వేయించుకున్న హమాలీ ఒకాయన మా యార్డులో ఇప్పటికీ టిక్కీలు మోస్తున్నాడు. డబ్బుల్లేక స్టీలుతో సరిపెట్టామని ఎవరూ కుమిలిపోనక్కర్లేదు.

రాడ్డు ఎముకని అతికించదు, అతుక్కునేదాకా పట్టుకుని ఉంటుంది, అంతే. ఈ ఎముకకి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అతుకు మరీ ఆలస్యమైతే అడుగు వేసినప్పుడల్లా భారం లోహం మీదే పడి, తీగని అటూ ఇటూ వంచితే తెగినట్టు, ముందు స్క్రూలు, తర్వాత రాడ్డే విరగొచ్చు. నాకూ నెమ్మదించింది. అప్పుడు డాక్టరు పై స్క్రూల్లో ఒకటి తీసేశారు. రాడ్డుకి పైన ఒక రంధ్రం గుండ్రంగా, ఒకటి కోలగా ఉంటుంది. గుండ్రటి దాంట్లో స్క్రూ తీసేస్తే, కోలదాంట్లో ఉన్నది కాస్త జరుగుతుంది. నడిచేకొద్దీ ఎముక కొసలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఆ ఒత్తిడికి కొత్త ఎముక పుంజుకుంటుంది. చిన్న పనే, సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. సిగరెట్లు కాలిస్తే అతుకు ఇంకా ఆలస్యం. షుగరు అదుపులో లేకపోతే చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఏ కంపెనీ రాడ్డు మంచిదని నలుగురినీ వాకబు చేసే ఓపిక ఈ రెండింటి మీద పెడితే నయం.

ఇక మోకాలు. రాడ్డు దించిన దారి అదే కదా, చాలామందికి అక్కడ నొప్పి మిగిలిపోతుంది. చదునైన రోడ్డు మీద ఎంత నడిచినా ఏమీ అనదు. మెట్లు దిగేటప్పుడు కొంచెం గుర్తు చేస్తుంది. మోకరించానా, ప్రాణం పోతుంది. మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన మోకాళ్లమీదే. కొన్నాళ్లు దిండేసుకున్నాను, తర్వాత కుర్చీకి మారాను. చర్చిలో ప్రభు భోజన సంస్కారం కూడా నిలబడే తీసుకుంటాను. అయ్యగారు ఏమీ అనలేదు. వెనక వరసలోంచి మా అత్తయ్య మాత్రం, "ఏరా, దేవుడి ముందు వంగలేనంత పెద్దోడివయ్యావా" అంది. నమాజు చేసేవాళ్లకీ, టైల్స్ వేసే మేస్త్రీలకీ ఇది చిన్న ఇబ్బంది కాదు, పని గురించి డాక్టరుకి ముందే చెప్పుకోవాలి. బాసింపట్టు వేసి కూర్చోవడం, నేలబారు మరుగుదొడ్డి వాడటం ఫిజియో పుణ్యాన మళ్లీ వచ్చాయి. ఫిజియోకి డబ్బు దండగ అని మానేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చలికాలం తెల్లవారుజామున సలుపు ఉంటుంది, గుంటూరులో ఆ చలి ఎన్నాళ్లని! గన్నవరం విమానాశ్రయంలో చేతి స్కానరు పిక్క దగ్గర కూసింది, రాడ్డుందని చెబితే వదిలేశారు. నడుముకి ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినప్పుడు టైటానియం అని చెప్పాను, తీశారు. డిశ్చార్జి కాగితంలో మాత్రం రాడ్డు కంపెనీ, సైజు రాయలేదు, అడిగితే కేసుషీటులో అంటించిన స్టిక్కర్లు చూపించారు. వాటిని ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా రాడ్డు తీయాలంటే దానికి సరిపోయే పనిముట్లు కావాలి.

తీయించేయమని బావమరిది ఏటా పోరుతూనే ఉంటాడు. పెద్దవాళ్లకి ఇబ్బంది లేకపోతే తీయక్కర్లేదన్నారు డాక్టరు. తీస్తే మళ్లీ మోకాలి దగ్గరే కోయాలి, స్క్రూ రంధ్రాలు పూడేదాకా కాలు జాగ్రత్తగా వాడాలి. అంతా చేసినా ఆ మోకాలి నొప్పి పోతుందన్న హామీ లేదు. ఆ ఒక్క మాట మీద నేను తీయించలేదు.