షావుకారుపేటలో పాత వెండి వయసు చెప్పే పెద్దాయన

మీ ఇంట్లో పాత వెండి సిగరెట్ కేసో, పొడుం డబ్బానో ఉంటే కరిగించే ముందు ఈయనకు ఒకసారి చూపించండి. చెన్నై మింట్ స్ట్రీట్ పక్క సందులో, మేడ మీద చిన్న గది. బోర్డు లేదు. తెలుగు కంసాలి కుటుంబం. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నేను పట్టుకెళ్ళినవి మా తాతగారివి: రెండు సిగరెట్ కేసులు, బొటనవేలంత అగ్గిపుల్లల డబ్బా. అంతకుముందు ఒక పెద్ద దుకాణంలో మూడూ కలిపి తూకం వేసి, "అన్నీ వందేళ్ళ పైవేనమ్మా" అని కరిగింపు ధర చెప్పేశారు. ఈయన తక్కెడ ముట్టుకోలేదు.

డబ్బా అడుగున పుల్ల గీయడానికి గరుకు గీతలున్నాయి. మూత లోపల ముద్రలను భూతద్దం నా చేతికిచ్చి నాతోనే చదివించారు. నడిచే సింహం ఉంటే వెయ్యికి 925 పాళ్ళ వెండి. లంగరు బర్మింగ్‌హామ్ పరీక్షాశాలది. పక్కన పొడి అక్షరాలు చేసినవాడివి. ఇక ఇంగ్లిషు చిన్నబడి 'ఈ', అది ఏడాది గుర్తు. అక్కడ ఏటా అక్షరం మారుతుంది, వరుస అయిపోతే లిపి మార్చి మళ్ళీ మొదలుపెడతారు. "అక్షరం చూసి తొందరపడకమ్మా, రాణి తల ఉందేమో వెతుకు" అన్నారు. వెండి మీద పన్ను కట్టినందుకు గుర్తుగా 1784 నుంచి 1890 దాకా రాజుదో రాణిదో తల కొట్టేవారట. ఇందులో లేదు. అక్షరం తీరు కూడా చూసి 1904–05 అని తేల్చారు.

ఒక కేసు మీద నకాషీ చేసిన దేవతలున్నారు. ఇది స్వామి పని, మద్రాసుకు పేరు తెచ్చిన పని. 1875–76లో బ్రిటిష్ యువరాజు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వచ్చినప్పుడు మౌంట్ రోడ్డులోని వెండి, గడియారాల దుకాణం పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళ స్వామి పని టీ సెట్టు ఆయనకు కానుకగా వెళ్ళింది. అయితే ఇంగ్లండులో మాదిరి ఏడాది అక్షరం కొట్టే ఏర్పాటు ఇక్కడ లేదు. అందుకని ఈయన ముందు గీటురాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి వెండేనని చూశారు. తర్వాత స్కేలు పెట్టి కేసు లోపలి పొడవు కొలిచారు. 75 మిల్లీమీటర్లు! 84 మిల్లీమీటర్ల కింగ్ సైజు సిగరెట్టు ఇందులో పట్టదు, పాతకాలపు 70 మిల్లీమీటర్లది పడుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోది కావచ్చని రాశారు. పొట్టి సిగరెట్లు ఆ తర్వాత కూడా వచ్చాయి కాబట్టి అంతకంటే గట్టిగా చెప్పనన్నారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

రెండో కేసు నల్లటి నేల మీద వెండి నర్తకి, వెనక 'సియామ్ స్టెర్లింగ్' అని ముద్ర. ఆ నలుపు రంగు పూత కాదు, వెండి, రాగి, సీసం, గంధకం కలిపి చెక్కిన గాడుల్లో కరిగించి నింపినది. 1939లో దేశం పేరు థాయిలాండ్ అయినా విదేశీయులకు అమ్మే సరుకు మీద సియామ్ అని వేస్తూనే వచ్చారు. కాబట్టి ఆ పేరు చూసి 1939కి ముందుదని అనుకోకూడదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇలాంటివి విరివిగా వచ్చాయట. పెద్ద దుకాణంవాళ్ళు దీన్ని కూడా వందేళ్ళలో కలిపేశారు!

మెరుగు పెట్టమంటే ఒప్పుకోలేదు. దేవతల మడతల్లో నలుపు పోతే పని లోతు కనబడదని, రుద్దితే ముద్రలు అరుగుతాయని చెప్పారు.

ఇబ్బందులూ ఉన్నాయి. శనివారం ఉదయం మాత్రమే చూస్తారు, చాలాసేపు కూర్చోవాలి, మెట్లు నిటారు. వస్తువుకు 600 రూపాయలు. తెలుగులో చేత్తో రాసిన కాగితమే ఇస్తారు. బీమాకు అది చాలదు, ఇంగ్లిషులో టైపు చేసిన నివేదిక వేరేచోట తీసుకోవాలి. ఈయన వెల కట్టరు, కొనరు. నాకదే నచ్చింది.

న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య కొడుకు ఒకటి పంపమన్నాడు. అదీ అడిగాను. వందేళ్ళు దాటిన కళావస్తువును 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మనంతట మనం దేశం దాటించకూడదు, అందుచేత అగ్గిపుల్లల డబ్బా ఇక్కడే ఉంటుంది. సియామ్ కేసు పంపొచ్చు గానీ, పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ముందు పత్రం తెచ్చుకోమన్నారు.