ఖతంబంద్ సీలింగ్: కొన్నేళ్లు దాని కింద బతికాక

కశ్మీర్ వెళ్లి హౌస్‌బోటులో ఒక రాత్రి పడుకుని వచ్చినవాళ్లు ఖతంబంద్ అనే ఆ చెక్క సీలింగు ఫొటోలు పెట్టి అద్భుతమంటారు. ఒక్క రాత్రికైతే ఏ సీలింగైనా అద్భుతమే. ఉద్యోగరీత్యా శ్రీనగర్‌లో నేను అద్దెకున్న పాత ఇంట్లో ముందుగదికీ పడకగదికీ ఖతంబందే. చలికాలాలు, బుఖారీ (గదిని వేడిచేసే పొయ్యి) పొగ, ఎలుకలు అన్నీ దాని కిందే గడిచాయి. ఇంటికి వేయించుకోవాలన్న ఆలోచన ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా అది ఎలా నిలుస్తుందో తెలియాలి, మంచీ చెడూ అందులోంచే పుడతాయి. దేవదారు చెక్కను పలచగా కోసి ఆరు, ఎనిమిది, పన్నెండు పలకల బిళ్లలుగానూ నక్షత్రాలుగానూ మలుస్తారు. రెండు పక్కలా గాడి తీసిన సన్నని పట్టీలు ఆ బిళ్లల అంచులను పట్టుకుంటాయి. బిళ్లకూ పట్టీకీ మధ్య మేకు ఉండదు, జిగురూ ఉండదు. ఈ విద్యను 14వ శతాబ్దిలో సూఫీ గురువు మీర్ సయ్యద్ అలీ హమదానీ వెంట వచ్చిన పనివారు తెచ్చారని కొందరు, 16వ శతాబ్దిలో మీర్జా హైదర్ దుగ్లత్ ఏలుబడిలో వచ్చిందని మరికొందరు అంటారు. ఎవరు తెచ్చినా, మంచి పని అంటే ఏమిటో తెలియాలంటే శ్రీనగర్‌లోని నక్ష్‌బంద్ సాహిబ్ దర్గాకు వెళ్లి ఒక పూట తల పైకెత్తి చూడాలి. కొనేముందు కళ్లకు ఆ శిక్షణ అవసరం.

ఇక వాడకం. చిల్లై కలాన్ అనే గడ్డు చలి నలభై రోజుల్లో బుఖారీ వెలిగించగానే పైన టక్కుటక్కుమని చప్పుళ్లు మొదలవుతాయి. వేడికి చెక్క ఆరి కుంచించుకుంటుంది, వానల్లో మళ్లీ ఉబ్బుతుంది. గాడిలో కాస్త జాగా ఉండటం వల్ల బిళ్లలు కదులుతాయే తప్ప చీలవు. అదే ఇంట్లో వంటగది గోడల పూతకు ఏటా పగుళ్లే. సీలింగుకీ పై అంతస్తుకీ మధ్య గాలి ఉంటుంది కాబట్టి గది వెచ్చదనం త్వరగా పోదు. ఆ ఖాళీలోనే ఎలుకలూ కాపురం పెడతాయి. రాత్రి వాటి పరుగులకు అలవాటు పడాల్సిందే.

ఒక ఏడాది రేకుల కప్పు మీద మంచు కరిగి నీళ్లు దిగాయి, ఒక మూల బిళ్లలు నల్లబడ్డాయి. శ్రీనగర్‌లోనే సఫాకదల్ పేట నుంచి వచ్చిన పెద్ద పనివాడు అంచు పట్టీ ఊడదీసి, వరుస వెంట వరుస బిళ్లలు జార్చి, పాడైనవి మాత్రం మార్చి మళ్లీ ఎక్కించాడు. మిగతా సీలింగుకు దెబ్బ తగలలేదు. కొత్త బిళ్లల రంగు మాత్రం పాతవాటితో ఇప్పటికీ కలవలేదు. ఇల్లు పడగొడితే సీలింగు మొత్తం విప్పి మరో ఇంటికి బిగించుకోవచ్చని ఇక్కడివాళ్లు చెబితే మొదట నమ్మలేదు గానీ, ఆయన పని చూశాక నమ్మకం కుదిరింది.

కష్టాలూ ఉన్నాయి. గది చీకటిగా ఉంటుంది, ఒక దీపం చాలదు. పట్టీల అంచుల్లో దుమ్ము, బూజు పడతాయి. మెత్తని కుంచెతో దులపాలి, తడిగుడ్డ పెట్టకూడదు. ఫ్యాను బరువు చెక్క మోయదు. పైనున్న దూలానికే కొక్కెం వేసి, ఆ చోట బిళ్లకు చిల్లు పెట్టాలి.

ఇంటి యజమాని కొత్త గదికి యంత్రంతో కోసిన రకం వేయించాడు. చవక చెక్క, మెరిసే వార్నిషు, పైగా ప్రతి బిళ్లకూ పిన్నులు. చూడటానికి గీత గీసినట్టు ఉంది. మొదటి చలికాలం దాటేసరికి అతుకులు తెరుచుకున్నాయి. తప్పు యంత్రానిది అనను, కదలాల్సిన చెక్కను పిన్నులతో కట్టిపడేయడమే అసలు తప్పు. వార్నిషు వల్ల రాత్రి దీపాల మెరుపు తప్ప చెక్క నక్షత్రాలు కనబడనే కనబడవు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేయించుకుంటానంటే, దేవదారుకే డబ్బు పెట్టండి. దాని నూనె గుణం చెదపురుగుకు పడదు, చవక చెక్కకు ఆ రక్షణ లేదు. అక్రోటు చెక్క దండుగ, అంత ఎత్తున దాని నునుపు ఎవరు చూస్తారు? అపార్టుమెంటు గదులకు పెద్ద నమూనాలు బరువుగా కనిపిస్తాయి, చిన్న బిళ్లలవి అడగండి. ఇంటి నిండా కాకుండా ఒక్క గదికి చాలు. కొలతలు పంపి తెప్పించుకుంటే గోడ వంకరల దగ్గర చిక్కొస్తుంది కాబట్టి, పనివాడు స్వయంగా వచ్చి బిగించడానికి ఒప్పుకుంటేనే బయానా ఇవ్వండి.