‘ఎక్స్‌పోర్ట్ లెదర్’ లేడీస్ షూస్ సేల్‌కి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

కల్యాణ మండపాలు అద్దెకు తీసుకుని ‘అంబూరు ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్’, అంటే విదేశాలకు పంపగా మిగిలిన సరుకు అని బ్యానర్ కట్టి లేడీస్ షూస్ అమ్ముతున్నారు. అలాంటిచోట కొనేవాళ్లు జాగ్రత్త. నెల్లూరులో మాగుంట లేఔట్ వైపు పెట్టిన సేల్‌లో మా చెల్లెలికి రెండు జతలు తీసుకున్నాం. ఒకటి బ్రౌన్ లోఫర్స్ (లేసుల్లేని షూస్), ఇంకొకటి నల్ల పంప్స్ (హీలున్న షూస్). చెన్నైలో కొత్త ఉద్యోగం, ఆఫీసుకి ఫార్మల్స్ తప్పనిసరి అన్నారు. రెండూ కలిపి 2,600 రూపాయలు. వారం తిరక్కముందే లోఫర్స్ సోల్ రస్కులా పొడిపొడిగా రాలిపోయింది. పంప్స్‌లో ఒక హీల్ పక్కకి ఒరిగింది. అడుగుదామని వెళ్తే మండపంలో ఎవరిదో నిశ్చితార్థం జరుగుతోంది. సేల్ వాళ్లు ఎప్పుడో సర్దుకుని వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే “చూస్తాం మేడమ్” అంటారు, అంతే.

తమిళనాడులోని అంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు పనికి పేరున్న ఊళ్లే. అక్కడి నుంచి షూస్ విదేశాలకు వెళ్లే మాటా నిజమే. అందుకే ఆ పేరు చెప్తే మన వైపు ఇట్టే నమ్ముతారు. అసలు సంగతి షూ లోపలి చిన్న స్టిక్కర్ మీద ఉంది. యూరప్‌లో అమ్మే షూస్‌కి పైభాగం, లోపలి లైనింగ్, అడుగు దేనితో చేశారో బొమ్మలతో చూపించాలి. పరిచిన చర్మం ఆకారం ఉంటే తోలు, అల్లిక గీతలుంటే బట్ట, ఖాళీ డైమండ్ ఉంటే వేరే మెటీరియల్, అంటే రెగ్జిన్, రబ్బరు లాంటివి. ఒక భాగానికి చర్మం బొమ్మ వేయాలంటే అందులో కనీసం 80 శాతం తోలు ఉండాలి. మా లోఫర్స్‌లో మూడింటికీ డైమండే! పెట్టె మీదేమో బంగారు రంగులో ‘జెన్యూన్ లెదర్’.

స్టిక్కర్ లేకపోతే కత్తిరించిన అంచు చూడండి. తోలైతే పీచుపీచుగా ఉంటుంది. రెగ్జిన్ అయితే బట్ట మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తుంది. అంచులన్నీ లోపలికి మడిచి అతికించేస్తే మాత్రం కనుక్కోవడం కష్టం. వాసన చూసి నమ్మొద్దు, దానికీ స్ప్రేలున్నాయి.

సోల్ పొడి కావడానికి కారణం ట్రంకు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన చూడగానే చెప్పేశాడు: “పాత స్టాకమ్మా, ఇది కుట్టినా నిలవదు.” పీయూ (పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్) సోల్స్‌లో చాలా రకాలు గాలిలో తేమకి లోపల్లోపలే విరిగిపోతాయి. ఒక్కసారి కూడా తొడక్కపోయినా, ఏళ్ల తరబడి పెట్టెలో ఉంటే చాలు. మన సముద్రం గాలికి గోడౌన్‌లో పడున్న సరుకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కొనేముందు బొటనవేలితో సోల్ గట్టిగా నొక్కండి. జిగటగా తగిలినా, సన్న పగుళ్లు కనిపించినా వదిలేయండి. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా ఉండాలి. మా పెట్టె మీద ఆ జాగాలో ఇంకో స్టిక్కర్ అతికించారు. గోకితే కింద ఏమీ మిగల్లేదు.

ఇక మోడళ్ల పేర్లు. అక్కడి అబ్బాయి ప్రతి జతనీ ‘క్లాసిక్ అక్కా, క్లాసిక్’ అంటూ చేతిలో పెట్టాడు. పేరు ఏదైనా ఒక్కో మోడల్‌కి చూడాల్సిన చోటు వేరు.

పంప్స్‌ని టేబుల్ మీద పెట్టి హీల్ నిటారుగా నిలిచిందో లేదో చూడండి. తర్వాత రెండు చేతుల్తో వంచండి. వేళ్ల మొదట్లో వంగాలి, పాదం వంపు దగ్గర వంగకూడదు. అక్కడ లోపల సాధారణంగా ఉక్కు పట్టీ ఉంటుంది, షాంక్ అంటారు. మా పంప్స్‌ని పెద్దాయన విప్పితే ఉత్త అట్టే ఉంది. పొడవాటి సన్న హీలుండే స్టిలెటోకి అట్ట పెడితే కాలు మడతపడుతుంది, ఇది డబ్బులు పోయిన దానికంటే పెద్ద ప్రమాదం. రోజూ బస్సెక్కేవాళ్లకి వెడల్పాటి బ్లాక్ హీలో పొట్టి కిటెన్ హీలో నయమని నా అభిప్రాయం.

లోఫర్‌లో ముందు భాగం చుట్టూ ఉండే కుట్టు చూడండి. చవక రకాల్లో అది అచ్చు పోసిన గీత, దారమే ఉండదు. మేరీ జేన్ షూస్‌లో పాదం మీదుగా వచ్చే పట్టీకి బకిల్ నిజంగా ఊడుతుందా, లేక కింద ఎలాస్టిక్ పెట్టి పైకి అలంకారమా చూసుకోండి. స్లింగ్‌బ్యాక్ వెనక పట్టీ ఎలాస్టిక్‌ని రెండు మూడుసార్లు లాగి వదలండి. లేసుల షూస్‌లో ఆక్స్‌ఫర్డ్ అని చెప్పి డెర్బీ కూడా అంటగడుతున్నారు. లేసుల దగ్గర రెండు రెక్కలూ పైకి విడిగా తెరుచుకుంటే డెర్బీ, ఆ రెక్కలు షూ ముందు భాగం కిందికి వెళ్లి కుట్టేసి ఉంటే ఆక్స్‌ఫర్డ్. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లకి డెర్బీయే హాయి, కానీ ఏది కొంటున్నారో తెలిసి కొనాలి కదా. కొల్హాపురి చెప్పులకి 2019లో జీఐ (ఫలానా ప్రాంతంలో చేసినవాటికే ఆ పేరు వాడాలనే) గుర్తింపు వచ్చింది, అవి మహారాష్ట్ర, కర్ణాటకల్లో తోలుతో చేసేవి. ఫోమ్ సోల్ మీద రెగ్జిన్ అతికించినదానికి ఆ పేరు పెట్టి అమ్మారు.

సైజులోనూ మోసమే. మన దగ్గర 5 అంటే సాధారణంగా యూరప్ 38. అక్కడ 38 మీద 6 అని స్టిక్కర్ వేసి ఇచ్చారు. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, అప్పుడు తొడిగి చూడండి, రెండు కాళ్లకీ.

చీటీ మీద ‘నో ఎక్స్‌ఛేంజ్, నో రిటర్న్’ అని ఉందని ఊరుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు లెక్క. బిల్లు ఇవ్వకపోవడమూ అదే కిందికి వస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అమ్మినవాళ్లు ఏ ఊరివాళ్లైనా సరే, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. నేను 1915లో నమోదు చేశాను, ఇంకా జవాబు రాలేదు. నా దగ్గరున్న ఆధారం యూపీఐ స్క్రీన్‌షాట్. డబ్బు షాపు పేరు మీద కాకుండా ఎవరో మనిషి ఖాతాలోకి వెళ్లింది, అది స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తోంది.

ఇప్పుడు ఒంగోలులో అదే బ్యానర్ కట్టారని మా పిన్ని కూతురు ఫోటో పంపింది. నెల్లూరులో కొన్నవాళ్లెవరైనా ఉంటే పెట్టె, చీటీ పారేయకండి. లోపలి స్టిక్కర్ ఫోటో తీసి కింద పెట్టండి, అందరివీ కలిపి ఒకేసారి ఫిర్యాదు చేద్దాం.