పీజేఆర్ ఫ్లైఓవర్ (ఓఆర్ఆర్ – కొండాపూర్): క్యాబ్ తోలేటోని రివ్యూ

ఎయిర్‌పోర్ట్ కిరాయిలు కొట్టేటోళ్లకు ఈ ఫ్లైఓవర్ మస్తు పనికొస్తది. 2025 జూన్ 28న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించిండు. 1.2 కిలోమీటర్లు, ఆరు లేన్లు, రానుపోను రెండు దిక్కుల నడుస్తది. 182.72 కోట్లు అయినయి. ఇంతకుముందు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దిగి కొండాపూర్ పోవాలంటే గచ్చిబౌలి జంక్షన్‌ల ఇరుక్కునుడే. ఏసీ బంద్ చేస్తే ప్యాసింజర్ గరం, నడిపిస్తే డీజిల్ గాయబ్. ఇప్పుడు పాత గచ్చిబౌలి ఫ్లైఓవర్, శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ రెండిటి మీదికెల్లి దాటిపోతం. టోల్ లేదు.

తకరారు దిగేకాడ ఉంది. సాయంత్రం ఆఫీసులు ఇడిసే టైంల కొండాపూర్ దిక్కు దిగంగనే బ్రేక్ లైట్లన్నీ ఎర్రగ కనబడతయి. పైన మిగిలిన టైం కింద కక్కాల్సిందే.

ఇగ పేరు సంగతి. ‘భయ్యా, పీజేఆర్ అంటే కన్‌స్ట్రక్షన్ కంపెనీయా?’ అని అడిగిండు ఒక సాఫ్ట్‌వేర్ పిల్లగాడు. నవ్వాల్నా ఏడ్వాల్నా! పి. జనార్దన్ రెడ్డి సార్ బాబూ, ఖైరతాబాద్ ఎమ్మెల్యే అన్న. 1978, 1985, 1989, 1994, 2004, ఐదు మాట్ల గెలిచిండు. మధ్యల ఓడిండు కూడ. అంతకుముందు సీబీఐ డైరెక్టర్ చేసిన విజయరామారావు మీద 1999ల ఓడిండు. కాంగ్రెస్ సర్కారుల మంత్రి చేసిండు, సీఎల్పీ (అసెంబ్లీల కాంగ్రెస్ ఎమ్మెల్యేల పక్షం) లీడర్ చేసిండు. మా నాయిన సనత్‌నగర్ ఫ్యాక్టరీల పనిచేసెటోడు. మా ఇంట్ల మంత్రి పదవి ముచ్చట ఎన్నడు రాలె. యూనియన్ ముచ్చట, నల్లా నీళ్ల ముచ్చటే. పట్టా కాయితం కావాల్నన్నా, జీతం ఆగిందన్నా, ‘పొద్దుగాల పీజేఆర్ కాడికి పోదాం పా’ అనుడే మా బస్తీల.

2004ల సొంత పార్టీ సర్కారొచ్చినా ఆయనకు మంత్రి పదవి ఇయ్యలె. అయినా శ్రీశైలం నీళ్లు రాయలసీమకు తీస్కపోయే పోతిరెడ్డిపాడు తూము వెడల్పు చేస్తమంటే వైఎస్ సర్కారుకే అడ్డం నిలబడ్డడు. 2007 డిసెంబర్ 28న గుండెపోటుతోని పోయిండు. గప్పటి ఖైరతాబాద్ ఇప్పటి లెక్క చిన్నది కాదు. బంజారాహిల్స్ బంగ్లాలు, బోరబండ గుడిసెలు ఒకే ఎమ్మెల్యే కింద ఉండె. 2009 ఎన్నికల కాడికి దాన్ని ముక్కలు చేసిన్రు. ఈ ఫ్లైఓవర్ ఉన్న శేరిలింగంపల్లి గూడ అండ్లకెల్లి వచ్చిందే. అందుకని పేరు ఊరికె తెచ్చి అతికించింది కాదు, జాగ ఆయనదే. కానీ బస్తీలోళ్ల లీడర్ పేరు నడిచేటోడు ఎక్కలేని బ్రిడ్జికి పెట్టుడు నాకు జర ఎట్లనో ఉంటది. కింద రోడ్డు దాటే ముసలోళ్లకు ఒక మంచి ఫుట్‌పాత్ ఏసి దానికి పెట్టినా ఆయనకు సరిపోతుండె.

నా దిక్కుకెల్లి నాలుగు స్టార్లు. కొండాపూర్ దిగేకాడ జాం కోసం ఒకటి కట్. ఎక్కేకాడ మూడక్షరాలు కాదు, పూరా పేరు పెద్దగ రాసి ఫోటో పెడితే నాకు ప్రతి కిరాయిల చెప్పే పని తప్పుతది. రాత్రి పది దాటినంక పోయేటోళ్లయితే కళ్లు మూసుకొని ఇదే రూట్ పట్టుండ్రి. సాయంత్రం ఫ్లైటు పట్టాల్నంటే మాత్రం కొండాపూర్‌లనే అర్ధగంట ముందు బయల్దేరుండ్రి.