గుద్దినా గెలుపే ఒక కార్లో, గీత దాటితే పెనాల్టీ ఇంకో కార్లో: నార్త్ ఆస్టిన్ రేసింగ్ సిమ్యులేటర్ సెంటర్ రివ్యూ

ముందే చెప్పేస్తా, నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు పోయిందో కింద రాశాను. చిన్నపిల్లల బర్త్‌డే పార్టీకి చోటు వెతుకుతున్నవాళ్లకి ఇది అంతగా పనికిరాదు, సీటు ఎంత ముందుకి జరిపినా వాళ్ల కాళ్లు పెడల్స్‌కి అందవు. కానీ ఆదివారం పొద్దున్నే లేచి ఫార్ములా వన్ చూసేవాళ్లు, నాస్కార్ (అమెరికా కార్ల రేసులు) అనగానే "గుండ్రంగా తిరగడమేగా" అని తీసిపారేసేవాళ్లు మాత్రం ఒక్కసారి వెళ్లాల్సిందే. ముఖ్యంగా రెండో రకం వాళ్లు.

హాల్లో వరసగా రిగ్గులు, ఒక్కోదానికి మూడు స్క్రీన్లు, కదిలే సీటు, చేతులు నొప్పిపుట్టేంత బలమున్న స్టీరింగ్. బ్రేక్ పెడల్ ఇంట్లో వాడే గేమింగ్ సెట్‌లా స్ప్రింగు మీద లోపలికి దిగిపోదు, బలాన్ని కొలిచే లోడ్ సెల్ ఉంటుంది కాబట్టి కాలితో పెట్టే బలాన్ని బట్టే బ్రేక్ పడుతుంది. మొదటిసారి కూర్చున్నవాళ్లు సగం బలం కూడా పెట్టరు, నేరుగా గోడలోకి పోతారు. చెప్పులతో వెళ్లకండి. పల్చటి అడుగున్న షూ వేసుకోండి.

అరగంటకి తీసుకునే మామూలు స్లాట్ గురించి నేను పెద్దగా చెప్పను, సరదాగానే ఉంటుంది. డబ్బు పెట్టాల్సింది మాత్రం గంటన్నర ప్యాకేజీకే. ఒకే ట్రాక్, మూడు కార్లు. ట్రాక్ మన ఊరిదే, సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్, 20 మలుపుల పూర్తి 5.513 కిలోమీటర్ల లేఅవుట్. ముందు ఫార్ములా కారు, తర్వాత జీటీ3 (స్పోర్ట్స్ కారు ఆధారంగా చేసిన రేసు కారు), చివర్లో నాస్కార్ కప్ కారు (నాస్కార్ టాప్ సిరీస్‌లో నడిపేది). ప్రతి కారుకీ కాసేపు ప్రాక్టీసు, ఆ వెంటనే చిన్న రేసు. ఒక కుర్రాడు పక్కనే నిలబడి చెబుతుంటాడు.

ఆ ట్రాక్‌కి వెళ్లినవాళ్లకి టర్న్ 1 గుర్తుండే ఉంటుంది. స్టార్ట్ అవ్వగానే కొండెక్కినట్టు పైకి లేచి, అక్కడ ఎడమవైపు గిరుక్కున తిరిగే మలుపు. లోపలికి వచ్చే చోట రోడ్డు చాలా వెడల్పు, కాబట్టి ఎవడికైనా ముక్కు దూర్చాలనిపిస్తుంది. ఈ ఒక్క మలుపు దగ్గర మూడు కార్లూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఫార్ములా కార్లో చాలా ఆలస్యంగా, ఒక్కసారిగా గట్టిగా తొక్కాలి, వేగం పడిపోతున్న కొద్దీ రెక్కల వల్ల వచ్చే ఒత్తిడి కూడా పడిపోతుంది కాబట్టి కాలు మెల్లగా వదులుతూ రావాలి, లేకపోతే ముందు చక్రం లాక్ అయి తెల్లగా పొగ. జీటీ3లో ఏబీఎస్ (చక్రాలు లాక్ అవకుండా చూసేది) ఉంది, తొక్కి పట్టుకుంటే చాలు, మిగతాది కారే చూసుకుంటుంది. అక్కడిదాకా ధైర్యం వచ్చేసింది, మనం డ్రైవర్లమే అనిపించింది.

అదే ధైర్యంతో కప్ కారు ఎక్కాను. ఫార్ములా వన్ కారు 2025 నియమం ప్రకారం డ్రైవర్‌తో కలిపి కనీసం 800 కిలోలు ఉండాల్సి వచ్చేది. కప్ కారు డ్రైవర్ లేకుండానే దాదాపు 1,450. ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ (గ్యాస్ ఇచ్చినప్పుడు చక్రాలు జారకుండా ఆపేది) లేదు. ఫార్ములా కార్లో తొక్కిన చోటికి చాలా ముందే బ్రేక్ మొదలుపెట్టినా కారు ఆగదు, ఖాళీ ఆర్టీసీ బస్సుని ఘాట్ రోడ్డులో దింపుతున్నట్టు వెనకభాగం అటూ ఇటూ ఊగుతుంది. గేర్ తొందరపడి దించితే వెనక చక్రాలు ఎగిరెగిరి పడతాయి. ఆ కుర్రాడు మొదట చెప్పింది గేర్ల గురించే: "బ్రేక్ పూర్తయ్యాక దించండి, బ్రేక్‌తో పాటు కాదు." రెండు ల్యాపులకి అర్థమైంది, పదో ల్యాపుకి కూడా అలవాటు కాలేదు.

జెన్సన్ బటన్, కిమీ రైకోనెన్ లాంటివాళ్లకి ఎందుకు కష్టమైందో సీట్లో కూర్చుంటేనే తెలుస్తుంది. 2023 మార్చిలో ఇదే ట్రాక్‌లో ఇద్దరూ కప్ రేసులో దిగారు, ఇద్దరూ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్లే, బటన్ 18వ స్థానం, రైకోనెన్ 29వ స్థానం. ఆ రేసు మూడు ఓవర్‌టైములు (చివర్లో రేసు ఆగితే అదనంగా పెట్టే ల్యాపులు) సాగింది, ప్రతి రీస్టార్ట్‌కీ టర్న్ 1లో ఒకరి మీద ఒకరు. టీవీలో చూసినప్పుడు "వీళ్లకేంటి ఇంత కంగారు" అనుకున్నాను. ఇక్కడ చూస్తే పక్కన రెండు కార్లు, వెనక బంపర్‌కి ఇంకొకటి ఆనుకుని ఉంటే, బ్రేక్ పాయింట్ అనేది మన చేతిలో ఉండదు.

నాకు బాగా నచ్చిందేంటంటే కారుతో పాటు రూల్స్ కూడా మారుస్తారు. ఫార్ములా రేసులో గీత బయటికి పోయి ఓవర్‌టేక్ చేస్తే ఐదు సెకన్ల పెనాల్టీ. 2024 అక్టోబరులో ఫార్ములా వన్ డ్రైవర్ లాండో నోరిస్‌కి ఇక్కడే టర్న్ 12 దగ్గర జరిగింది గుర్తుందా, వెర్‌స్టాపెన్‌ని బయటినుంచి దాటాడు, కానీ ట్రాక్ బయటికి పోయి దాటాడు, మూడో స్థానం కాస్తా నాలుగయింది. 2017లో ఆ వెర్‌స్టాపెనే చివరి ల్యాపులో లోపలివైపు గీత దాటి రైకోనెన్‌ని దాటేస్తే, పోడియం ఎక్కబోతున్నవాడిని వెయిటింగ్ రూమ్‌లోంచి పంపించేశారు. ఎవరూ ఎవరినీ తాకలేదు, అయినా శిక్ష.

కప్ రేసులో ఆ పెనాల్టీ తీసేసి, తాకడాన్ని వదిలేస్తారు. ఎందుకంటే 2022లో ఇదే ట్రాక్ మీద కప్ రేసు చివరి ల్యాపులో ముగ్గురు డ్రైవర్ల మధ్య పోటీ: ముందు ఆల్మెండింగర్ చాస్టెయిన్‌ని పక్కకి నెట్టాడు, మధ్యలో బోమన్ దూరాడు, టర్న్ 19లో చాస్టెయిన్ ఆల్మెండింగర్‌ని గుద్దితే అతను పోయి బోమన్‌కి తగిలాడు, చాస్టెయిన్ గెలిచాడు. ముందు వరుసలో ఉన్న ఆల్మెండింగర్ 33వ స్థానానికి పోయాడు. పెనాల్టీ ఏమీ లేదు. తమాషా ఏంటంటే ఆల్మెండింగర్ కూడా వచ్చింది ఓపెన్ వీల్ (చక్రాలు బయటికి కనిపించే ఫార్ములా తరహా కార్లు) నుంచే, 2006లో అలాంటి కార్ల సిరీస్ చాంప్ కార్‌లో ఐదు రేసులు గెలిచాడు. అంటే నెట్టడం, నెట్టించుకోవడం రెండూ నేర్చుకున్నవాడన్నమాట. 2022లో వచ్చిన కొత్త కప్ కారు బాడీ కాంపోజిట్ (ఫైబర్ లాంటి పదార్థం), పాత రేకులా నలిగి టైరుకి తగలదు, అందుకే తాకితే పోయేదేముంది అన్న ధీమా పెరిగింది. నిజమైన ఫార్ములా కార్లో అయితే అంతే తాకిడికి ముందు రెక్క ఊడుతుంది, మీ రేసు అక్కడితో సరి.

మా బావమరిది ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసుకి వెళ్లినవాడు, జాగ్వార్ టీమ్‌లో సామ్ బర్డ్ తన సొంత టీమ్‌మేట్ మిచ్ ఎవాన్స్‌నే గుద్ది ఇద్దరి రేసూ ముగించిన సంగతి ఇప్పటికీ చెబుతుంటాడు. వాడికి గుద్దడమంటేనే చిరాకు. అలాంటిది కప్ రేసులో చివరి ల్యాపులో నన్ను నెట్టేసి, హెడ్‌సెట్‌లో "బావా, ఇక్కడ ఇది తప్పు కాదంట" అన్నాడు.

అలాగని మారలేనివాళ్లే ఎక్కువ అనుకోకండి. షేన్ వాన్ గిస్బర్గెన్ ఆస్ట్రేలియా సూపర్‌కార్స్‌లో మూడుసార్లు ఛాంపియన్, 2023 జులైలో షికాగో వీధుల్లో తన మొట్టమొదటి కప్ రేసే గెలిచాడు, 1963 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. బరువైన కారు, పైకప్పున్న కారు, పక్కవాడిని రాసుకుంటూ పోయే అలవాటు, అన్నీ ముందే ఉన్నాయి. మిగతావాళ్లలో ఎక్కువమంది ఎడమకాలితో బ్రేక్ వేస్తే ఇతను కుడికాలితోనే వేసి మడమతో యాక్సిలరేటర్ కొడతాడు. మూడో పెడల్ (క్లచ్) కూడా ఇక్కడ ఉంది కాబట్టి ప్రయత్నించా. నవ్వుకోవడానికి బాగుంటుంది. 2025లో ఐదు రోడ్ కోర్సు (అటూ ఇటూ మలుపులున్న ట్రాక్) రేసులు గెలిచినా ఓవల్స్ (గుండ్రటి ట్రాక్‌లు) మీద మాత్రం అతనికి అంత తేలిక కాలేదు, అంటే మారడం అనేది ఒక్కో ట్రాక్‌కీ వేరేగా జరిగే పని. ఈ సెంటర్ ప్యాకేజీలో ఓవల్ లేకపోవడం ఒక లోటు, అడిగితే "పెడతాం" అన్నారు.

ఇక ఐదో స్టార్ సంగతి. డ్యామేజీ సెట్టింగ్ (గుద్దితే కారు పాడయ్యేలా చేసేది) ఆఫ్ చేసి పెడతారు. అడిగితే "కస్టమర్లు కోప్పడతారండీ" అన్నాడు మేనేజర్. నాకు అర్థమైంది కానీ ఒప్పుకోను. డ్యామేజీ లేకపోతే ఫార్ములా కార్లో కూడా ముందున్నవాడి వెనకభాగాన్నే బ్రేకుగా వాడేస్తారు, అప్పుడు ఆ మూడు కార్ల తేడా మొత్తం గంగలో కలిసినట్టే. ఆఫీసు టీమ్ బిల్డింగ్ అని వచ్చినవాళ్లని, ప్యాకేజీ తీసుకున్నవాళ్లని ఒకే రేసులో కలిపేస్తారు. నా జీటీ3 రేసు అలా పోయింది. ఒకాయన టర్న్ 12 దగ్గర ఎక్కడినుంచో ఎగిరొచ్చి నన్ను గోడకి కొట్టి, లేచి నిలబడి ఫ్రెండ్స్‌తో హైఫైవ్ కొట్టుకున్నాడు. డబ్బు పెట్టింది నేను.

సీట్లు చెమట వాసన, ఏసీ ఒక్క మూలకే తగులుతుంది. తినడానికి చిప్స్ తప్ప ఏం లేవు. పార్కింగ్ మాత్రం బోలెడు.

బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి రెండే విషయాలు అడగండి: మీ బ్యాచ్‌కి విడిగా రేసు ఇస్తారా, డ్యామేజీ ఆన్ చేస్తారా. వారం మధ్యలో అయితే రెండింటికీ ఒప్పుకుంటున్నారు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు గుంపులుంటాయి, అప్పుడు వెళ్లకండి.